అయస్కాంత తోకలో నిజంగా ఏం జరిగిందో వ్యోమనౌక డేటాతో తేల్చడం ఎలా?

"డేటా దించుకున్నాను, గ్రాఫు గీశాను, బీజెడ్ ఒక్కసారిగా పెరిగింది, ఇది రీకనెక్షనేనా?" అన్న ప్రశ్న ఏదో ఒక రూపంలో పదేపదే వస్తూ ఉండటం వల్ల ఇది రాస్తున్నాను. బీజెడ్ అంటే అయస్కాంత క్షేత్రపు ఉత్తర-దక్షిణ అంశం; రీకనెక్షన్ అంటే ఎదురెదురు దిశల క్షేత్రరేఖలు తెగి, కొత్తగా కలుసుకుని శక్తిని విడుదల చేయడం. ఆ ఒక్క గ్రాఫుతో చెప్పలేమన్నదే దాదాపు ప్రతిసారీ సమాధానం. గ్రహపు అయస్కాంత తోక గాలికి ఊగే జెండాలాగా పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది కాబట్టి, వ్యోమనౌక దాదాపు ఉన్నచోటనే ఉన్నా దాని మీదుగా తోకలోని వేర్వేరు పొరలు దాటిపోతూ ఉంటాయి. అంకె మారినప్పుడు తోకలో నౌక స్థానం మారిందా, స్థానం మారకుండానే అక్కడి స్థితి మారిందా అన్నది ముందు తేలాలి. కింది మెట్లన్నీ ఆ తేడాను పట్టుకోవడానికే.

సిద్ధాంతం ఇంత చాలు. సూర్యుడి నుంచి వీచే ఆవేశిత కణాల ప్రవాహమైన సౌరపవనం గ్రహపు అయస్కాంత క్షేత్రాన్ని రాత్రివైపుకు సాగదీసి తోకగా మారుస్తుంది. ఆ తోకలో ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటిగా రెండు లోబ్‌లు ఉంటాయి. వాటిలో క్షేత్రం బలంగా, ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్ల వాయువు) చాలా పలచగా ఉంటుంది. రెండింటి మధ్య వేడి ప్లాస్మా షీట్, దాని నడిమధ్యన క్షేత్రపు దిశ తిరగబడే కరెంట్ షీట్ ఉంటాయి. భూమి తోకలో 20 భూవ్యాసార్థాల దూరాన లోబ్ క్షేత్రం సుమారు 20 నానోటెస్లాలు ఉంటుంది. ప్లాస్మా షీట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.1 నుంచి 1 కణం దాకా, అయాన్ల ఉష్ణోగ్రత (ఇక్కడ దాన్ని శక్తి ప్రమాణంలోనే చెబుతారు) కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయి. ఈ అంకెలు నోటికి వచ్చి ఉంటే సగం పొరపాట్లు గ్రాఫు చూడగానే దొరికిపోతాయి.

క్షేత్రపు మూడు అంశాలను బీఎక్స్, బీవై, బీజెడ్ అని, ప్లాస్మా వేగంలో సూర్యుడి దిశలోని అంశాన్ని వీఎక్స్ అని రాస్తున్నాను. ధన ఎక్స్ దిశ ఎప్పుడూ సూర్యుడి వైపుకే.

కావలసినవి

పైథాన్, దానిపై పనిచేసే అంతరిక్ష డేటా సాఫ్ట్‌వేర్ పైస్పెడాస్ ఉంటే డేటా దించుకోవడం, సీడీఎఫ్ ఫైళ్లు (ఇలాంటి డేటాను భద్రపరిచే ఒక ఫైలు రూపం) చదవడం, నిరూపక వ్యవస్థలు మార్చడం అన్నీ ఒకచోటే అవుతాయి. ప్రోగ్రామింగ్ రానివారు బ్రౌజర్లోనే గ్రాఫులు గీసి చూపే ఫ్రాన్స్ వారి ఆమ్డాతో మొదలుపెట్టవచ్చు. భూమి చుట్టూ తిరిగే నౌకల డేటా నాసా సీడీఏవెబ్‌లోను, క్లస్టర్ డేటా ఐరోపా అంతరిక్ష సంస్థ భాండాగారంలోను, బుధుడు, గురుడు, శని దగ్గరికి వెళ్లిన నాసా నౌకల డేటా నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్‌లోను దొరుకుతాయి. ప్రతి సంఘటనకూ కనీసం నాలుగు కావాలి: మాగ్నెటోమీటర్ కొలతలు; అయాన్ల సాంద్రత, వేగం, ఉష్ణోగ్రతలు; నౌక స్థానం; అదే సమయంలో సౌరపవన స్థితి. భూమి విషయంలో చివరిదానికి నిమిషానికొక విలువ ఇచ్చే ఓమ్ని డేటా సరిపోతుంది. వీటితోపాటు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి; ఏ కాలవ్యవధిని ఎందుకు వదిలేశారో రాసుకోకపోతే నెల తర్వాత మీకే గుర్తుండదు.

1. ప్రశ్నకు తగ్గ గ్రహాన్ని, నౌకను ఎంచుకోండి

కొత్తవారు భూమితోనే మొదలుపెట్టాలి. ఒకే సమయంలో ఒకటికి మించి నౌకలు కొలిచిన డేటా ఎక్కువగా ఉన్నది అక్కడే. సంఘటన తోక పొడవునా ఎలా ప్రయాణించిందన్నది ప్రశ్న అయితే 2007లో ప్రయోగించిన ఐదు థెమిస్ నౌకలు తగినవి. కరెంట్ షీట్ ఆకారం, వంపు, ఊగిసలాట కావాలంటే 2000లో వెళ్లిన నాలుగు క్లస్టర్ నౌకలు మేలు. రీకనెక్షన్ జరిగే చోట ఎలక్ట్రాన్ల ప్రవర్తన చూడాలంటే 2015లో వెళ్లిన నాలుగు ఎంఎంఎస్ నౌకలు తప్ప వేరే దారి లేదు. అత్యంత వేగంగా కొలిచే బర్స్ట్ డేటాలో అవి 30 మిల్లీ సెకన్లకొకసారి ఎలక్ట్రాన్లను, 150 మిల్లీ సెకన్లకొకసారి అయాన్లను కొలుస్తాయి. థెమిస్ నౌకల్లో రెండు తర్వాత ఆర్టెమిస్ పేరుతో చంద్రుడి దగ్గరికి చేరాయి కాబట్టి, సుమారు 60 భూవ్యాసార్థాల దూరాన ఉన్న తోక కూడా అందుబాటులో ఉన్నట్లే.

బుధుడికి మెసెంజర్ (2011–2015), గురుడికి గెలీలియో (1995–2003), 2016లో అక్కడికి చేరిన జూనో, శనికి కాసిని (2004–2017) ఉన్నాయి. వీటన్నిటిలోనూ ఒక్క నౌక కొలతలే ఉంటాయన్న పరిమితిని మరవకండి. శుక్రుడికి, అంగారకుడికి మొత్తం గ్రహాన్ని కప్పే సొంత క్షేత్రం లేదు. వాటి తోకలో ఏ లోబ్ ఏ దిశన ఉంటుందన్నది ప్రధానంగా సౌరపవన క్షేత్రాన్ని బట్టి మారుతూ ఉంటుంది. ఇక్కడి మెట్లను ఆ రెండు గ్రహాలకు ఉన్నవి ఉన్నట్టు వాడకండి.

2. గ్రాఫు గీయకముందే డేటాను శుభ్రం చేయండి

సీడీఎఫ్ ఫైళ్లలో విలువ లేనిచోట సాధారణంగా −1 తర్వాత 31 సున్నాలున్న సంఖ్య ఉంటుంది. పైస్పెడాస్ దాన్ని చాలావరకు తీసేస్తుంది కానీ, ఫైలును మీరే నేరుగా చదివితే అది సగటుల్లో కలిసిపోతుంది. గ్రహాల భాండాగారంలోని టెక్స్ట్ ఫైళ్లలో పూరక సంఖ్యలు వేరుగా ఉంటాయి. అవి ఏమిటో లేబుల్ ఫైలులో చూసుకోండి.

కాలం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎంఎంఎస్ వంటి నౌకల ఫైళ్లలో సమయాన్ని 2000 జనవరి 1 మధ్యాహ్నం నుంచి లెక్కించిన నానోసెకన్లుగా భద్రపరుస్తారు. ఆ లెక్కకు, మనం వాడే సార్వత్రిక సమయానికి 2017 జనవరి నుంచి 69.184 సెకన్ల తేడా ఉంది. దాన్ని సరిచేయకుండా వేరే నౌక డేటాతో పోలిస్తే, నిమిషానికి పైగా ఆలస్యం ఉన్నట్లు తేలుతుంది, అదొక గొప్ప ఆవిష్కరణలా కూడా కనిపిస్తుంది.

ప్లాస్మా కొలతల పరిధిని కూడా చూడండి. థెమిస్‌లోని ప్లాస్మా పరికరం అయాన్లను సుమారు 25 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకే కొలుస్తుంది. తోక వేడెక్కినప్పుడు పీడనంలో పెద్ద భాగం ఆ హద్దు పైన ఉంటుంది కాబట్టి, పైశక్తి కణాల పరికరం ఎస్ఎస్‌టీ డేటాను కలపకపోతే పీడనం తక్కువగా వస్తుంది. లోబ్‌లలో దీనికి వ్యతిరేకమైన చిక్కు ఉంది: అక్కడ కణాలు ఎంత తక్కువంటే, పరికరం చూపే వేగం తరచుగా లెక్కింపులోని యాదృచ్ఛిక దోషమే (నాయిస్) అయి ఉంటుంది. సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.05 కన్నా తగ్గినచోట వేగపు గీతను నేను లేత రంగులోకి మార్చేస్తాను. నమ్మవద్దని నాకు నేను చెప్పుకోవడానికి.

3. నిరూపక వ్యవస్థను సరిచూసుకోండి

భూమి తోకకు జీఎస్ఎం వ్యవస్థ (జెడ్ అక్షం భూమి అయస్కాంత ద్విధ్రువాన్ని అనుసరించేది) వాడండి. చాలా ఫైళ్లు జీఎస్ఈ వ్యవస్థలో (జెడ్ అక్షం భూమి కక్ష్యాతలానికి లంబంగా ఉండేది) వస్తాయి. రెండింటిలోనూ ఎక్స్ అక్షం ఒకటే కావడం వల్ల బీఎక్స్ గీత అచ్చం సరిపోతుంది, పొరపాటు మాత్రం బీవై, బీజెడ్‌లలో దాక్కుంటుంది. నేను ఒకసారి ఒక నౌక క్షేత్రాన్ని జీఎస్ఈలోను, రెండో నౌక క్షేత్రాన్ని జీఎస్ఎంలోను ఉంచి, తోక మెలితిరిగిందని రెండు రోజులు సంబరపడ్డాను. బీఎక్స్ సరిపోయింది కదా అని మిగతావి చూడకపోవడమే కారణం.

తర్వాత సౌరపవనపు ఏటవాలును సవరించాలి. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పక్కకు కదులుతుంటే సౌరపవనం సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వస్తుంది కాబట్టి తోక సూర్యుడికి సరిగ్గా ఎదురుగా కాక, నాలుగు డిగ్రీల పైచిలుకు పక్కకు ఒరిగి ఉంటుంది. 20 భూవ్యాసార్థాల దగ్గర ఇది ఒకటిన్నర వ్యాసార్థమే అయినా, చంద్రుడి దూరాన నాలుగున్నర వ్యాసార్థాలవుతుంది. బుధుడు ఇంకా వేగంగా తిరుగుతాడు కాబట్టి అక్కడ ఒరుగుదల దాదాపు ఏడు డిగ్రీలు. పైగా బుధుడి అయస్కాంత ద్విధ్రువ కేంద్రం గ్రహ కేంద్రానికి సుమారు 480 కిలోమీటర్లు ఉత్తరంగా ఉంటుంది. 2440 కిలోమీటర్ల వ్యాసార్థమున్న గ్రహానికి ఇది చిన్న సవరణ కాదు. దాన్ని వదిలేస్తే కరెంట్ షీట్ ఎప్పుడూ ఉత్తరానికి జరిగినట్లే కనిపిస్తుంది.

గురుడు, శనుల దగ్గర గుర్తులు తలకిందులవుతాయి. వాటి ద్విధ్రువ దిశ భూమికి వ్యతిరేకం. భూమి, బుధుల ప్లాస్మా షీట్‌లో మామూలు బీజెడ్ ఉత్తరం వైపు ఉంటే, గురుడు, శనుల దగ్గర అది దక్షిణం వైపు ఉంటుంది. భూమి కోసం రాసిన ప్రోగ్రామును మార్చకుండా కాసిని డేటాపై నడిపితే ప్రశాంతంగా ఉన్న ప్లాస్మా షీట్ అంతా రీకనెక్షన్‌తో నిండిపోయినట్లు చూపిస్తుంది.

4. నౌక ఏ పొరలో ఉందో తేల్చండి

అసలు పని ఇదే, తొందరపడకండి. అయస్కాంత పీడనాన్ని నానోపాస్కల్‌లలో పొందడానికి క్షేత్రాన్ని నానోటెస్లాలలో తీసుకుని, వర్గం చేసి, 2513తో భాగించండి. ప్లాస్మా పీడనానికి సాంద్రతను (ఘన సెంటీమీటరుకు కణాలు), ఉష్ణోగ్రతను (ఎలక్ట్రాన్ వోల్టులు) గుణించి, ఫలితాన్ని 0.00016తో గుణించండి. రెండో దాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది బీటా.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. నౌక దగ్గర క్షేత్రం 6 నానోటెస్లాలు, సాంద్రత 0.3, అయాన్ల ఉష్ణోగ్రత 3000 ఎలక్ట్రాన్ వోల్టులు అనుకోండి. అయస్కాంత పీడనం 36 ÷ 2513, అంటే సుమారు 0.014 నానోపాస్కల్. ప్లాస్మా పీడనం 0.144. బీటా దాదాపు 10 కాబట్టి నౌక ప్లాస్మా షీట్ లోపల ఉన్నట్లు. ఇప్పుడు రెండు పీడనాలనూ కూడితే 0.158 వస్తుంది, దాన్ని 2513తో గుణించి వర్గమూలం తీస్తే 20 నానోటెస్లాలు. నౌక లోబ్‌లోకి అడుగుపెట్టకుండానే, ఆ క్షణంలో పైనున్న లోబ్ క్షేత్రం ఎంతో తెలిసిపోయింది. తోక మందంలో అడ్డంగా మొత్తం పీడనం ఇంచుమించు సమానంగా ఉంటుందన్న ఊహే దీనికి ఆధారం. భూమికి బాగా దగ్గరగా, సుమారు 10 వ్యాసార్థాల లోపల, క్షేత్రరేఖల వంపు బలంగా ఉండటం వల్ల ఆ ఊహ చెదిరిపోతుంది. అక్కడ ఈ లెక్క వాడకండి.

ఇలా వచ్చిన లోబ్ క్షేత్రంతో బీఎక్స్‌ను భాగించండి. ఆ నిష్పత్తి సున్నాకు దగ్గరగా ఉంటే నౌక షీట్ నడుమ, ఒకటికి లేదా −1కి దగ్గరగా ఉంటే లోబ్‌లో ఉన్నట్లు. భూమి దగ్గర ధన గుర్తు ఉత్తర భాగాన్ని, రుణ గుర్తు దక్షిణ భాగాన్ని సూచిస్తాయి. నౌక స్థానాన్ని కిలోమీటర్లలో కాక ఈ నిష్పత్తిలో చెప్పుకోవడం అలవాటు చేసుకోండి, ఎందుకంటే తోక ఊగేటప్పుడు కిలోమీటర్లు మారకుండానే నిష్పత్తి మారిపోతుంది.

5. సంఘటనను వెతకండి, కానీ ఒక్క గీతతో తేల్చకండి

ద్విధ్రువీకరణ ముఖం అంటే తోకలో సాగి ఉన్న క్షేత్రం మళ్లీ నిటారుగా మారుతూ గ్రహం వైపు దూసుకొచ్చే అంచు. గ్రాఫులో దాన్ని దగ్గరగా చూస్తే, ముందు బీజెడ్ కొద్దిగా తగ్గి, వెంటనే కొద్ది సెకన్లలోనే నిట్టనిలువుగా పెరుగుతుంది. అదే క్షణంలో సాంద్రత పడిపోతుంది, ఉష్ణోగ్రత పెరుగుతుంది, వీఎక్స్ సెకనుకు కొన్ని వందల కిలోమీటర్లకు చేరుతుంది. ఈ నాలుగింటిలో బీజెడ్ ఒక్కటే ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ప్లాస్మాయిడ్ (తోక నుంచి తెగిపోయిన ప్లాస్మా, క్షేత్రాల ముద్ద) తోక చివరి వైపు వెళుతూ నౌకను దాటినప్పుడు బీజెడ్ ముందు ఆ గ్రహపు మామూలు దిశలో ఎగసి, తర్వాత దానికి వ్యతిరేక దిశలోకి దిగుతుంది. నడుమ బీవై శిఖరం, మొత్తం క్షేత్రపు శిఖరం కూడా ఉంటే అది మెలితిరిగిన క్షేత్రరేఖల కట్ట, అంటే ఫ్లక్స్ రోప్. నౌక లోబ్‌లో ఉండి ప్లాస్మాయిడ్ కిందుగా వెళ్లిపోతే అదే ఊగు చిన్నగా, మొత్తం క్షేత్రంలో కొద్దిపాటి ఉబ్బుతో కలిసి కనిపిస్తుంది. దీన్ని ప్రయాణించే సంపీడన ప్రాంతం అంటారు. రీకనెక్షన్ జరిగే చోటే నౌకను దాటి తోక చివరి వైపు జరిగితే, రుణ వీఎక్స్‌తో కలిసిన రుణ బీజెడ్ పోయి, ధన వీఎక్స్‌తో కలిసిన ధన బీజెడ్ వస్తుంది. రెండు గుర్తులూ ఒకేసారి మారడమే భూమి తోకలో దానికున్న గట్టి సాక్ష్యం.

కాలవ్యవధిని గ్రహానికి తగ్గట్టు మార్చుకోండి. భూమి దగ్గర ఒక సబ్‌స్టార్మ్ (తోకలో శక్తి పోగై, ఒక్కసారిగా విడుదలయ్యే సంఘటన) రెండు మూడు గంటలు సాగితే బుధుడి దగ్గర కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది. అలాంటి చోట నిమిషం సగటు డేటా వాడితే మొత్తం కథ మూడు నాలుగు బిందువుల్లో అణిగిపోతుంది. మెసెంజర్ మాగ్నెటోమీటర్ సెకనుకు 20 కొలతలు ఇచ్చేది, వాటినే వాడండి.

6. దిశ, వేగం కట్టండి

ఒకే నౌక ఉంటే, క్షేత్రం అతి తక్కువగా మారే దిశను వెతికే కనిష్ఠ విచలన విశ్లేషణతో అంచుకు లంబదిశ కనుక్కోండి. ఆ విశ్లేషణ ఇచ్చే మూడు ఐగెన్ విలువల్లో (ఒక్కో దిశలో క్షేత్రం ఎంత మారిందో చెప్పే సంఖ్యలు) మధ్యదాన్ని కనిష్ఠ విలువతో భాగించినప్పుడు 10 పైన వస్తే నిశ్చింతగా ఉండవచ్చు, మూడు కన్నా తక్కువ వస్తే ఆ దిశను వాడకండి. కాలవ్యవధి రెండు చివరలనూ కొద్దికొద్దిగా జరిపి మళ్లీ చేయండి. లంబదిశ 10, 15 డిగ్రీలకు మించి తిరిగిపోతుంటే నిష్పత్తి ఎంత బాగున్నా నమ్మకండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు, అంచుతోపాటు ముందూ వెనుకా ఉన్న అల్లరినంతా కాలవ్యవధిలో కలిపేయడం.

నాలుగు నౌకలుంటే అంచు ఒక్కోదాన్ని దాటిన సమయాల తేడా నుంచి దిశ, వేగం రెండూ వస్తాయి. అవి ఒకే తలంలోకి చదునుగా పడి ఉన్నప్పుడు ఈ లెక్క కూలిపోతుంది. థెమిస్‌లాగా నౌకలు దాదాపు ఒకే గీతలో ఉంటే ఆ గీత వెంట వేగం ఒక్కటే దొరుకుతుంది.

7. మరో వివరణ ఉందేమో నిజాయితీగా వెతకండి

తోక ఊగినప్పుడు బీఎక్స్ బాగా మారుతుంది, కానీ నాలుగో మెట్టులో లెక్కించిన లోబ్ క్షేత్రం కదలదు, వీఎక్స్ చిన్నదిగానే ఉంటుంది. నిజంగా శక్తి విడుదలైతే లోబ్ క్షేత్రం పది ఇరవై నిమిషాల్లో తగ్గుతూ వస్తుంది. లోబ్ క్షేత్రం పెరిగిందని వెంటనే 'తోక నిండుతోంది' అని కూడా అనకండి. సౌరపవన పీడనం పెరిగినా అదే జరుగుతుంది. ఓమ్ని డేటాలో పీడనం చూడండి, అయితే అందులోని సమయం భూమికి ముందున్న విల్లు తరంగం (బో షాక్, సౌరపవనం ఒక్కసారిగా నెమ్మదించే అంచు) ముక్కు దగ్గరిదని, తోక దాకా రావడానికి ఇంకా నిమిషాలు పడుతుందని గుర్తుంచుకోండి.

గురుడి దగ్గర కరెంట్ షీట్ సుమారు 10 డిగ్రీల వాలుతో, 9 గంటల 55 నిమిషాలకొకసారి గ్రహంతోపాటు తిరుగుతుంది కాబట్టి నౌక ఒక్కో భ్రమణంలో రెండుసార్లు దాన్ని దాటుతుంది. ఈ లయను ముందుగా గీసి పక్కన పెట్టుకోండి. దానితో కలిసి వచ్చేవి సంఘటనలు కావు, దాన్ని చెడగొట్టేవే చూడదగ్గవి. ఈ బయటి గ్రహాల దగ్గర సౌరపవనాన్ని ముందుగా కొలిచే నౌక లేదు. నమూనాలతో లెక్కగట్టిన సౌరపవనంలో రాక సమయం గంటల తరబడి తప్పవచ్చు కనుక, దాన్ని పట్టుకుని ఫలానా ప్లాస్మాయిడ్‌కు ఫలానా కారణమని రాయకండి.

8. ఫలితాన్ని పరీక్షించండి

మొదటి పరీక్ష విద్యుత్ క్షేత్రానిది. వీఎక్స్ సెకనుకు 400 కిలోమీటర్లు, బీజెడ్ 5 నానోటెస్లాలు అయితే, షీట్ నడుమ వై దిశలో మీటరుకు 2 మిల్లీవోల్టుల క్షేత్రం ఉండాలి. కొలిచిన విలువ దీనికి రెండింతలకు పైగా తేడాగా ఉంటే వేగాన్ని గాని విద్యుత్ పరికరాన్ని గాని అనుమానించండి. రీకనెక్షన్ జరిగే చోటుకు బాగా దగ్గరైతే అయాన్లు క్షేత్రంతో కలిసి కదలవు. అక్కడ ఎలక్ట్రాన్ల వేగంతో లెక్కించండి.

రెండోది, మీ గుర్తింపు నియమం పరీక్ష. బీజెడ్ పెరుగుదలకు మీరు పెట్టిన హద్దును 20 శాతం అటూ ఇటూ మార్చి సంఘటనల జాబితా ఎంత మారిందో చూడండి. జాబితా సగమైపోతే మీరు కొలుస్తున్నది తోకను కాదు, మీ హద్దును. అదే ప్రోగ్రామును ప్రశాంతమైన రోజుల డేటాపై కూడా నడిపి, ఎన్ని తప్పుడు సంఘటనలు పడుతున్నాయో రాసుకోండి.

మూడోది, జవాబు తెలిసిన లెక్క చేయడం. 2009 ఫిబ్రవరి 27న సార్వత్రిక సమయం 07:50 నుంచి 08:00 వరకు థెమిస్ బీ, సీ, డీ, ఈ నౌకల మాగ్నెటోమీటర్ డేటాను జీఎస్ఎంలో గీయండి. ఒక ద్విధ్రువీకరణ ముఖం ముందుగా 20 భూవ్యాసార్థాల దగ్గరున్న బీ నౌకను, తర్వాత సీని, చివరకు 11 వ్యాసార్థాల దగ్గరున్న డీ, ఈ జంటను దాటింది. దాని వేగం సెకనుకు దాదాపు 300 కిలోమీటర్లని ప్రచురితమైంది. 9 వ్యాసార్థాలంటే సుమారు 57,300 కిలోమీటర్లు కాబట్టి మొదటి, చివరి ముఖాల మధ్య మీకు 190 సెకన్ల చుట్టుపక్కల తేడా రావాలి. తేడా నిమిషానికి పైగా తప్పితే రెండో మెట్టులోని కాలాన్ని, వరుస తలకిందులైతే ఏ అక్షరం ఏ నౌకదో చూసుకోండి. సమయాలు సరిపోయినా ఒక్క నౌక బీజెడ్ మాత్రం మిగతావాటితో పొసగకపోతే అది ఇంకా జీఎస్ఈలోనే ఉండిపోయిందేమో చూడండి.